ఎనుమాముల మిర్చి యార్డు తమ్ముడికి, నీ సైనస్ గురించి

అన్నా అని రాశావు కాబట్టి నేనూ నువ్వు అనే రాస్తాను, ఏమనుకోకు. నీ సంగతి క్లుప్తంగా ఇదీ: వయసు 36, ఎనుమాముల మార్కెట్లో మిర్చి అడ్తిదారు దగ్గర గుమాస్తా పని. నాలుగేళ్లుగా ముక్కుదిబ్బడ, గొంతులోకి కారడం, రెండు కళ్ల మధ్య బరువు. రెండేళ్లుగా వాసన తెలియదు. పోయిన ఏడాదిలోనే ఆరు సార్లు యాంటీబయాటిక్ కోర్సు వాడావు. స్కాన్ తీస్తే పాలిప్స్ (ముక్కు లోపలి పొర వాచి వేలాడే బుడిపెలు) ఉన్నాయి, ముక్కు మధ్య దూలం వంకర ఉంది, ఆపరేషన్ చేయించుకో అన్నారు. మీ మేనమామేమో "సైనస్ ఆపరేషన్ చేసినా మళ్ల వస్తది, పైసలు దండగ" అన్నాడు. ఎవరి మాట వినాలి అని అడిగావు.

ఇద్దరి మాటలోనూ సగం సగం నిజం ఉంది. ఆపరేషన్ నీకు అవసరం పడొచ్చు, పాలిప్స్ మళ్లీ రానూ వచ్చు. కానీ నువ్వు రాసిందంతా చదువుతుంటే నేను ఆగిపోయింది వేరేచోట. "మొన్న బతుకమ్మ పండుగ ముందు ఆయాసం వస్తే మా ఊరి ఆర్‌ఎంపీ ఐదు రోజులకు చిన్న తెల్ల గోలీలు ఇచ్చిండు, సద్దుల బతుకమ్మ నాడు ఇంట్లకు రాంగనే నువ్వుల సద్ది వాసన కొట్టింది, పది రోజులకు మళ్ల పోయింది" అని మధ్యలో ఎక్కడో ఒక ముక్క పడేశావు చూడు, అది. ఆరు కోర్సుల యాంటీబయాటిక్ చేయలేని పని ఐదు రోజుల గోలీ చేసింది. అది దాదాపు ఖాయంగా స్టిరాయిడ్ గోలీ. స్టిరాయిడ్ క్రిములను చంపదు, వాపు దించుతుంది. అంటే నీ ముక్కులో ఉన్నది ఎవరో దూరి కూర్చున్న క్రిమి కాదు, లోపలి పొర వాచిపోయి ఉంది. నేను హన్మకొండలో ముక్కు, చెవి, గొంతు డాక్టర్‌గా ఇరవై ఏళ్లు దాటాను. నీలాంటి వాళ్లలో ఎక్కువ మందికి ఈ ఒక్క విషయం ఎవరూ విడమరిచి చెప్పి ఉండరు.

ముందు సైనస్ అంటే ఏంటో చెప్పనీ. "నాకు సైనస్ ఉంది సార్" అని వస్తారు. అందరికీ ఉంటాయి. ముఖం ఎముకల్లో గాలి నిండిన గదులు అవి, నాలుగు జతలు: బుగ్గల వెనక రెండు పెద్దవి, నొసట రెండు, కళ్ల మధ్యన తేనెతుట్టెలాగా చిన్న చిన్న అరలు, బాగా లోపల పుర్రె మధ్యలో ఇంకో జత. ఈ గదుల లోపలి పొర మీద కంటికి కనపడని సన్నని నూగు ఉంటుంది, అది ఆగకుండా ఊగుతూ చీమిడిని ద్వారం వైపు తోస్తూ ఉంటుంది, నిమిషానికి సుమారు అర సెంటీమీటరు. మనం దాన్ని తెలియకుండా మింగేస్తుంటాం, ఛీ అనుకోకు, ఆరోగ్యంగా ఉన్న మనిషి చేసేదీ అదే.

చిక్కంతా ఆ ద్వారంలో ఉంది. మన చెరువులకి తూము కింద ఉంటుంది, మత్తడి పైన ఉంటుంది కదా. బుగ్గల్లో ఉన్న పెద్ద సైనస్‌కి దేవుడు తూము పెట్టలేదు, మత్తడి ఒక్కటే పెట్టాడు. ద్వారం పైన ఉంది, అదీ కొన్ని మిల్లీమీటర్లే. కింద ఉన్న చీమిడిని ఆ నూగు ఎదురెక్కించి పైకి మోసుకుపోవాలి. పొర కొంచెం వాచిందంటే ఆ మత్తడి మూసుకుంటుంది, లోపల నీళ్లు నిలుస్తాయి, నిలిచిన నీళ్లు పాచి పడతాయి. పైగా గొలుసుకట్టు చెరువుల్లాగా, బుగ్గ సైనస్, నొసటి సైనస్, ముందు వైపు అరలు అన్నీ వచ్చి కలిసేది ఒకే ఇరుకు సందులో. అక్కడ వాపు వస్తే పైన ఉన్నవన్నీ నిండుతాయి. పాచి పట్టాక యాంటీబయాటిక్ ఇస్తే నాలుగు రోజులు రంగు తెల్లబడుతుంది, నువ్వు తగ్గింది అనుకుంటావు, మత్తడి మాత్రం మూసే ఉంది. వచ్చే నెల మళ్లీ అదే కథ. ఆరు కోర్సులు అయ్యాయంటే అందుకే.

మామూలు సర్దికి వైరస్ కారణం, వారం పది రోజుల్లో దాని దారిన అది పోతుంది, పచ్చగా వచ్చినంత మాత్రాన బ్యాక్టీరియా అని కాదు. పది రోజులు దాటినా తగ్గకపోతేనో, తగ్గినట్టే తగ్గి మళ్లీ జ్వరంతో తిరగబెడితేనో అప్పుడు యాంటీబయాటిక్ గురించి ఆలోచిస్తాం. 12 వారాలు దాటి అలాగే ఉంటే దాన్ని దీర్ఘకాలిక సైనసైటిస్ అంటాం. అది పూర్తిగా వేరే జబ్బు, పేరు ఒక్కటే కలిసింది. దీన్ని ఆస్తమాకి తోబుట్టువు అనుకో, ఒకటి ఊపిరితిత్తుల గొట్టాల్లో, ఒకటి ముక్కులో. నీకు ఆయాసం కూడా వచ్చిందంటే ఈ ఇద్దరూ కలిసే ఉన్నారేమో చూపించుకోవాలి. ఛాతీ డాక్టర్ దగ్గర ఊది చూసే పరీక్ష ఉంటుంది, అది చేయించు. ముక్కు బాగుపడకపోతే ఆయాసం తగ్గదు, ఆయాసాన్ని పట్టించుకోకపోతే ముక్కు నిలబడదు.

ఇక్కడ ఒక పక్కమాట, నీకోసం కాదు, ఇది చదివే మిగతా వాళ్ల కోసం. తలనొప్పి ఒక్కటే ఉండి, ముక్కు బాగానే ఆడుతూ, వాసన బాగానే తెలుస్తూ ఉంటే అది సైనస్ అయ్యే అవకాశం తక్కువ. 2004లో అమెరికాలో ఒక అధ్యయనం చేశారు, తమకు సైనస్ తలనొప్పి అని నమ్ముతున్న దాదాపు 3000 మందిని పరీక్షిస్తే 88% మందికి లక్షణాలు మైగ్రేన్‌తో సరిపోయాయి. మైగ్రేన్‌లో కూడా ముక్కు కారుతుంది, బుగ్గలు బరువెక్కుతాయి, అందుకే జనం మోసపోతారు. ఎండలో తిరిగితే, ఉపవాసం ఉంటే, నిద్ర చెడితే వచ్చే తలనొప్పి, వాంతి వచ్చినట్టు ఉండి చీకటి గదిలో పడుకుంటే హాయిగా ఉండే తలనొప్పి... వాళ్లు సైనస్ మందులు ఎన్నేళ్లు వాడినా పైసలు పోవడమే. పెళ్లి బరాత్ డీజే పక్కన పది నిమిషాలు నిలబడితే తల పగిలిపోయేది సైనస్ వల్ల కాదమ్మా అని ఎంతమందికి చెప్పానో.

నీ స్కాన్ సంగతి. దూలం వంకర అని చూసి భయపడ్డావు. దూలం తిన్నగా ఉన్న మనిషిని వెతుక్కోవాలి, అంత మామూలు అది. రిపోర్టులో 'పొర మందంగా ఉంది' అన్న మాట కూడా అంతే. 1994లో మామూలు జలుబు చేసిన 31 మందికి రెండు నుంచి నాలుగు రోజుల్లోనే స్కాన్ తీస్తే 87% మందికి బుగ్గ సైనస్ తేడాగా కనపడింది, తర్వాత ఏ యాంటీబయాటిక్ లేకుండానే చాలా మందికి సర్దుకుంది. కాబట్టి జలుబులో తీసిన స్కాన్ చూసి ఎవరూ ఏ నిర్ణయమూ తీసుకోకూడదు. నీ రిపోర్టులో లెక్కలోకి వచ్చేది పాలిప్స్. మనవాళ్లు ముక్కుల కండ పెరిగింది అంటారు, నిజానికి అది కండ కాదు, వాచిన పొరే నీరు పట్టి ఒలిచిన ద్రాక్షపండులా వేలాడుతుంది. వాసన నరం ఉండే సన్న సందుకి అది అడ్డం పడితే వాసన పోతుంది. గోలీతో అది కొంచెం కుంచించుకుంది, సద్ది వాసన లోపలికి పోయింది. నరం బతికే ఉందని అర్థం, అది మంచి సంగతి.

అయితే రోజూ ఆ గోలీలే మింగితే సరిపోదా అని అడుగుతావు, నాకు తెలుసు. వద్దు. అవే గోలీలు చీటీ లేకుండా మందుల షాపులో తెచ్చుకుని నెలల తరబడి మింగి షుగర్ తెచ్చుకున్నవాళ్లని, తుంటి ఎముక దెబ్బతిన్నవాళ్లని చూశాను. డాక్టర్ చూసి ఒక రెండు వారాలు ఇస్తే ఇవ్వనీ, ఏడాదికి ఒకటి, మహా అయితే రెండు కోర్సులు. మిగతా రోజులకి అదే మందు చాలా చిన్న మోతాదులో నేరుగా ముక్కు పొర మీద పడాలి. దానికే స్ప్రే. నువ్వు "స్ప్రే కూడా వాడిన, పని చెయ్యలే" అని రాశావు. ఎన్ని రోజులు అంటే వారం అన్నావు. ఎలా కొట్టావో రాయలేదు, కానీ నేను చెప్పగలను.

నా టేబుల్ దగ్గర కూర్చున్న ప్రతి పేషెంట్‌నీ ఒకసారి కొట్టి చూపించమంటాను. పదిలో ఎనిమిది మంది తల వెనక్కి వాల్చి, కుడి చేత్తో సీసా పట్టుకుని, కుడి ముక్కులోనే మధ్య దూలం వైపు గురిపెట్టి, టపటపా రెండు కొట్టి, గట్టిగా ఎగపీలుస్తారు. మందు అంతా గొంతులోకి పోతుంది, చేదు తగులుతుంది, మొహం అదోలా పెడతారు. మిగిలింది దూలం మీద పడి అక్కడ పొర ఎండి రక్తం చార కనపడుతుంది, మందు పడదు నాకు అని ఆపేస్తారు. తల ముందుకు వంచు, నీ కాలివేళ్లు కనపడాలి. కుడి ముక్కుకి ఎడమ చెయ్యి, ఎడమ ముక్కుకి కుడి చెయ్యి. అప్పుడు సీసా మూతి దానంతట అదే బయటి వైపుకి, అదే వైపు చెవి దిక్కుకి తిరుగుతుంది. కొట్టాక గులాబీ పువ్వు వాసన చూసినంత మెల్లగా పీల్చు, అంతే. గొంతులో చేదు తగిలిందంటే తప్పు కొట్టావు. కొత్త సీసా అయితే ముందు గాల్లోకి నాలుగైదు సార్లు కొట్టి సన్నని తుంపర వచ్చాకే ముక్కులో పెట్టు.

ఇక ఎన్నాళ్లు అంటే, రోజూ, కనీసం ఎనిమిది నుంచి పన్నెండు వారాలు. మామూలు రోజుల్లో కూడా, బాగున్న రోజుల్లో కూడా. ఇది తలనొప్పి గోలీ లాంటిది కాదు, బీపీ గోలీ లాంటిది. ఫ్లూటికాసోన్, మోమెటాసోన్ లాంటి మందులు ముక్కులో కొడితే రక్తంలోకి చేరేది నూటికి ఒకటి రెండు వంతులు కూడా ఉండదు, కాబట్టి స్టిరాయిడ్ అన్న పేరు విని మీ అమ్మ భయపడితే ఈ మాట చెప్పు. కంట్లో గ్లకోమా, శుక్లం ఉన్నవాళ్లు మాత్రం డాక్టర్‌కి ముందే చెప్పాలి.

స్ప్రేకి ముందు కడగాలి. చీమిడి మీద స్ప్రే కొడితే బురద మీద సున్నం వేసినట్టే. ఉప్పునీళ్లతో ముక్కు కడగడం యోగా వాళ్లకి జలనేతిగా తెలుసు, మా దగ్గర అదే పని ప్లాస్టిక్ పిండుడు సీసాతో చేయిస్తాం, మందుల షాపుల్లో సీసా, ఉప్పు పొట్లాలు కలిపి దొరుకుతాయి. పొట్లాలు అయిపోతే ఇంట్లో పావు లీటరు నీళ్లకి అర టీస్పూన్‌కి కాస్త తక్కువ ఉప్పు, చిటికెడు తినే సోడా. అయోడిన్ కలపని ఉప్పు దొరికితే మంచిది, మంట తక్కువ. ఉప్పు ఎక్కువైనా మండుతుంది, తక్కువైనా మండుతుంది, వట్టి నీళ్లు పోస్తే చెరువులో మునిగినప్పుడు ముక్కు చురుక్కుమంటుందే, అచ్చం అలాగే.

నీళ్ల విషయంలో మాత్రం నేను ఎవరితోనూ సరదా చేయను. మిషన్ భగీరథ నల్లా నీళ్లయినా, ఇరవై లీటర్ల ఫిల్టర్ క్యానయినా, బోరు నీళ్లయినా తెర్లే వరకు కాచి, ఒకటి రెండు నిమిషాలు తెర్లనిచ్చి, మూత పెట్టి గోరువెచ్చగా చల్లార్చాకే వాడాలి. తాగితే ఏమీ కాని నీళ్లు ముక్కులోకి పోతే చంపొచ్చు. నెగ్లేరియా అనే అమీబా వాసన నరం వెంట మెదడుకి ఎక్కుతుంది. 2011లో అమెరికాలోని లూసియానాలో నల్లా నీళ్లతో ముక్కు కడుక్కున్న ఇద్దరు దీనితోనే చనిపోయారు. కేరళలో 2024, 2025లో అమీబా మెదడువాపు కేసులు వచ్చింది పేపర్లో చదివే ఉంటావు. అరుదే, కానీ కాచడానికి పది నిమిషాలు. పొద్దున కాచినవి పొద్దునా, సాయంత్రమూ వాడుకో, మర్నాటికి దాచకు. సీసాని కడిగి ఆరబెట్టు, మూడు నెలలకోసారి కొత్తది కొను.

వాష్‌బేసిన్ మీదకి వంగు, నోరు తెరిచి "ఆ" అంటూ నోటితోనే ఊపిరి తీసుకో, ఒక ముక్కులోంచి మెల్లగా పిండితే ఇంకో ముక్కులోంచి కారుతుంది. సగం సీసా ఇటు, సగం అటు. చెవిలో దిమ్ముగా అనిపిస్తే గట్టిగా పిండుతున్నావని. అయ్యాక ఒక్కో ముక్కు విడివిడిగా, నెమ్మదిగా చీదు. పది పదిహేను నిమిషాలు ఆగి స్ప్రే. పడుకునే ముందు చేయకు, ఆ నీళ్లు రాత్రంతా గొంతులోకి దిగుతాయి. ఇంకో సంగతి ముందే చెప్తున్నా: కడిగిన గంటకి చెప్పుల బెల్టు పెట్టుకోవడానికి వంగితే ముక్కులోంచి బొటబొటా నీళ్లు పడతాయి, సైనస్‌లో మిగిలినవి అవి. నాకు ఒకసారి పెళ్లిచూపుల్లో పెద్దవాళ్ల కాళ్లకి దండం పెడుతుంటే అలాగే అయ్యింది. సంబంధం కుదిరింది లే.

నీకు రెండు పూటలా కడగడం కష్టమైతే ఒక్క పూటే చెయ్యి, కానీ ఆ ఒక్కటి సాయంత్రం యార్డు నుంచి రాగానే. ఆసియాలోనే పెద్ద మార్కెట్లలో ఒకటని మనం చెప్పుకునే చోట జనవరి నుంచి మే దాకా నువ్వు మిర్చి బస్తాల మధ్య నిలబడతావు. తేజ రకం మిర్చి రాశి దగ్గర కొత్తవాడు నిలబడితే నిమిషంలో దగ్గుతాడు, అలవాటైన మీకు ఆ దగ్గు రాదు, కానీ పొరకి మంట తప్పదు. మిర్చి వల్లే నీకు పాలిప్స్ వచ్చాయని నేను అనను, అలా అయితే యార్డులో హమాలీలందరికీ రావాలి. వాచిన పొరకి రోజూ కారం దుమ్ము తగిలితే అది చల్లారదు, అంత వరకే. తువ్వాల ముక్కుకి చుట్టుకుంటే దుమ్ము ఆగదు, ఎన్95 మాస్కు కావాలి, ముక్కు దగ్గర తీగ నొక్కి పెట్టుకో. కాంటా దగ్గరికి పోయినప్పుడైనా పెట్టుకో, చిట్టా రాసేటప్పుడు తీసెయ్. పత్తి జిన్నింగు, రైస్ మిల్లు, గ్రానైట్ పనివాళ్లకీ ఇదే మాట. రెండేళ్లకోసారి మేడారం జాతర అయిన వారం పది రోజులు మా ఓపీ ఎలా ఉంటుందో చూడాలి, ఎర్రదుమ్ము మింగి వచ్చినవాళ్లతో నిండిపోతుంది. అమ్మవార్ల మీద భక్తి ఎంతున్నా మాస్కు తీసుకుపొండి అని చెప్తూనే ఉంటా.

బీడీ, సిగరెట్ గురించి నువ్వు రాయలేదు. ఉంటే మానెయ్, దీని మీద ఉపన్యాసం ఇవ్వను.

ముక్కు తెరిచే చుక్కల గురించి మాత్రం ఇస్తాను. జైలోమెటాజోలిన్, ఆక్సీమెటాజోలిన్ అని రాసి ఉంటుంది సీసా మీద. వేసిన రెండు నిమిషాల్లో ముక్కు ఖుల్లా, స్వర్గం. ఐదారు రోజులు దాటాయా, మందు దిగగానే ముక్కు మునుపటికంటే ఎక్కువ దిబ్బడేస్తుంది, మళ్లీ చుక్క, మళ్లీ దిబ్బడ. పీజీ చదివే రోజుల్లో నేను ఏడు నెలలు ఆ సీసా జేబులో పెట్టుకుని తిరిగాను, ముక్కు డాక్టర్ చదువు చదువుతూ! రాత్రి రెండింటికి సీసా ఖాళీ అయితే డ్యూటీ రూమ్ నుంచి లేచి తెరిచి ఉన్న మందుల షాపు కోసం స్కూటర్ మీద తిరిగిన రోజు ఉంది. మానడానికి ఒక పద్ధతి ఉంది: ముందు ఒక ముక్కులో మాత్రమే మానెయ్, స్టిరాయిడ్ స్ప్రే మొదలుపెట్టు, రెండు వారాల్లో ఆ ముక్కు తెరుచుకుంటుంది, అప్పుడు రెండోది. ఆ రెండు వారాలు నరకమే, అబద్ధం చెప్పను.

ఆవిరి పడితే హాయిగా ఉంటుంది, చీమిడి పలచబడుతుంది, పట్టుకో, కానీ అది జబ్బుని తగ్గిస్తుందని ఆశ పెట్టుకోకు. ఆ మసిలే గిన్నె ఒళ్లో పడి కాళ్లు కాలినవాళ్లు వస్తుంటారు, పిల్లలకి అసలే వద్దు. తుమ్మికూర పసరు ముక్కులో పోయమని మీ ఊళ్లో చెప్తే దండం పెట్టి వచ్చెయ్. పోయగానే మండి, కళ్లలో ముక్కులో లీటరు నీళ్లు కారుతాయి, రోగం కారిపోయింది అనుకుంటారు. కారింది ఆ మంటకి పుట్టిన నీళ్లే. అలర్జీ గోలీలు నీకు తుమ్ములు, దురద ఉంటేనే, దిబ్బడకి అవి పెద్దగా చేసేదేమీ లేదు.

ఇంకో మూడు సంగతులు చూసుకో. ఒళ్లునొప్పులకి ఆస్పిరిన్, ఐబుప్రోఫెన్, డైక్లోఫెనాక్ లాంటి గోలీ వేసుకున్న గంటా రెండు గంటల్లో ముక్కు బిగుసుకుని ఆయాసం ఎక్కువవుతుందా? పాలిప్స్, ఆస్తమా ఉన్నవాళ్లలో కొందరికి అలా అవుతుంది, అది ప్రాణం మీదికి తేగలదు, డాక్టర్‌కి తప్పక చెప్పు. రెండోది, చీమిడి ఒక్క వైపే వస్తూ కుళ్లు వాసన కొడుతోందా? అయితే ముందు పంటి డాక్టర్ దగ్గరికి పో. పైదవడ దంతాల వేర్లు బుగ్గ సైనస్ నేలని ఆనుకునే ఉంటాయి, పుచ్చు పన్ను అక్కడికి చీము ఎక్కిస్తుంది, ఆ పన్ను బాగుచేసే వరకు ముక్కుకి ఏం చేసినా వృథా. మూడోది షుగర్, ఒకసారి పరీక్ష చేయించు.

ఇక ఆపరేషన్. ఇప్పుడు చేసేది దుర్బీనుతో, ముక్కు రంధ్రంలోంచే, ముఖం మీద కోత ఉండదు. మూసుకున్న ఆ మత్తడులని వెడల్పు చేస్తారు, పాలిప్స్ తీసేస్తారు. కన్ను, మెదడు పక్కనే ఉన్న చోటు కాబట్టి చేతి నైపుణ్యం ఉన్నవాళ్లే చేయాలి. పెద్ద ప్రమాదాలు అరుదు, కానీ లేవని ఎవరైనా అంటే నమ్మకు. పాలిప్స్ మళ్లీ వస్తాయా? వస్తాయి. బెల్జియంలో ఆపరేషన్ అయినవాళ్లని 12 ఏళ్ల తర్వాత చూస్తే దాదాపు ఐదుగురిలో నలుగురికి పాలిప్స్ తిరిగి కనపడ్డాయి. మీ మామ ఇక్కడ గెలిచాడు. కానీ వాళ్లలో మళ్లీ ఆపరేషన్ దాకా వెళ్లింది మూడో వంతు కంటే కొంచెం ఎక్కువ మందే, మిగతావాళ్లు ఆపరేషన్‌కి ముందు కంటే సుఖంగానే ఉన్నారు. ఎందుకంటే ఆపరేషన్ జబ్బుని తీసెయ్యదు, దారి తెరుస్తుంది. తెరిచిన దారిలో కడిగే నీళ్లు, స్ప్రే లోపలి దాకా పోతాయి. ఆపరేషన్ అయ్యింది కదా అని స్ప్రే మానేసినవాళ్లే రెండేళ్లకి తిరిగి వచ్చి "అన్నం తినేటోడికి ఆకలి మళ్ల అయినట్టు మళ్ల అయ్యింది సార్" అంటారు. ఒక పెద్దాయన అన్న మాట అది, నాకు భలే నచ్చింది.

కాబట్టి నీ వరుస ఇలా ఉండాలని నా అభిప్రాయం. సరిగ్గా కడగడం, సరిగ్గా స్ప్రే కొట్టడం మూడు నెలలు. దాంతో పాటు డాక్టర్ అవసరం అనుకుంటే ఒక చిన్న స్టిరాయిడ్ కోర్సు. అప్పటికీ వాసన రాక, రాత్రి నోరు తెరుచుకునే పడుకుంటుంటే ఆపరేషన్‌కి ఒప్పుకో, సందేహం వద్దు. దూలం వంకర అప్పుడు దారికి అడ్డం వస్తే దాన్నీ అదే సిట్టింగ్‌లో సరిచేస్తారు. ఒక్క మినహాయింపు: మన వేడి ప్రాంతాల్లో ఫంగస్‌కి అలర్జీతో వచ్చే రకం ఒకటి ఉంది, సైనస్ నిండా జిగురు మడ్డి పేరుకుంటుంది, స్కాన్‌లో తెల్లని మచ్చలుగా కనపడుతుంది. అదైతే మూడు నెలలు ఆగడం అనవసరం, ముందే శుభ్రం చేయాలి. నీ స్కాన్‌లో అలాంటిది ఉందా అని ఆ డాక్టర్‌ని నేరుగా అడుగు. ఖర్చు గురించి టెన్షన్ ఉంటే ఆసుపత్రిలో ఆరోగ్యమిత్ర ఉంటారు, ఆరోగ్యశ్రీలో నీకు ఏది వస్తుందో అడ్మిషన్‌కి ముందే అడుగు, తర్వాత కాదు. డూపిలుమాబ్ అని ఒక ఇంజెక్షన్ ఉంది, 2019లో అమెరికాలో పాలిప్స్‌కి అనుమతి వచ్చింది, బాగా పనిచేస్తుంది, మామూలుగా రెండు వారాలకోసారి, నెలల తరబడి తీసుకోవాలి. దాని ధర వింటే ఉన్న వాసన కూడా పోతుంది. ఆపరేషన్ అయ్యాక కూడా లొంగని వాళ్ల కోసం అది, నువ్వు ఇప్పుడు ఆలోచించే పని లేదు.

ఈ కిందివి కనపడితే మూడు నెలలూ లేదు, మూడు రోజులూ లేదు, అదే రోజు ఆసుపత్రి: కంటి చుట్టూ వాపు, ఒకటి రెండుగా కనపడటం, చూపు మసకబారడం, నొసలు ఉబ్బడం, జ్వరంతో మెడ బిగుసుకునే తలనొప్పి. షుగర్ ఉన్నవాళ్లకి బుగ్గ తిమ్మిరెక్కి ముక్కులో నల్లటి పెచ్చు కనపడితే పరుగెత్తాలి, 2021లో బ్లాక్ ఫంగస్‌తో కోఠి ఈఎన్‌టీ ఆసుపత్రి వార్డులు నిండినప్పుడు మనమంతా చూశాం, అప్పుడు ఆలస్యమైనవాళ్లలో కన్ను పోయినవాళ్లున్నారు. ఒక్క వైపే దిబ్బడ ఉండి, ఆ ఒక్క వైపే మాటిమాటికీ రక్తం వస్తుంటే అది పాలిప్ అనుకుని స్ప్రేలు కొడుతూ కూర్చోకూడదు, ముక్క తీసి పరీక్ష చేయించాలి.

ఈ మూడు నెలల్లో తగ్గుతుందా లేదా అన్నది తలబరువుతో కొలవకు, అది రోజుకో తీరుగా ఉంటుంది. వంటింట్లో వాము డబ్బా, కాఫీపొడి డబ్బా, ఒక నిమ్మకాయ పెట్టుకో, రోజూ పొద్దున కళ్లు మూసుకుని ఒక్కోటి వాసన చూడు, పదికి ఎంత తెలిసిందో క్యాలెండర్ మీద రాసుకో. సున్నా నుంచి రెండుకి వచ్చినా వాపు దిగుతోందని అర్థం. ఆ క్యాలెండర్ కాగితం డాక్టర్‌కి చూపించు, నాకైతే పది ప్రశ్నల కంటే అది ఎక్కువ చెప్తుంది. వాసన వచ్చే దాకా ఒక జాగ్రత్త: ఇంట్లో గ్యాస్ లీకైనా నీకు తెలియదు. ఒంటరిగా ఉన్నప్పుడు పాలు పొయ్యి మీద పెట్టి బయటికి పోకు, రాత్రి సిలిండర్ రెగ్యులేటర్ నువ్వే ఆపెయ్. డాక్టర్ దగ్గరికి పోయేటప్పుడు స్కాన్ ఫిల్మ్ లేదా సీడీ, నువ్వు వాడే స్ప్రే సీసా రెండూ పట్టుకుపో. రిపోర్టు కాగితం ఒక్కటే తెచ్చేవాళ్లని మేం మళ్లీ ఇంటికి పంపిస్తాం.